కొన్న పీక సగం పీకే

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ కన్వెన్షన్ హాల్లోనైనా సరే, ముహూర్తానికి గంట ముందు మేళం వాళ్ళు కూర్చున్న మూలకు వెళ్ళి చూడండి. డోలు ఆయన వేళ్ళకు తొడుగులు బిగించుకుంటుంటాడు. శ్రుతి పెట్టె అప్పటికే మోగుతుంటుంది. నాదస్వరం ఆయన మాత్రం వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, దానికి దారంతో వేలాడుతున్న జీవాళీల్లోంచి, అంటే పీకల్లోంచి, ఒకటి తీసి నోట్లో పెట్టుకుంటాడు. కాసేపు నాననిస్తాడు. బయటికి తీసి వెలుతురుకేసి పట్టి, రెండు రెక్కల మధ్య సందు చూస్తాడు. సన్నటి పుల్ల ఆ సందులోకి దూర్చి కొంచెం తెరుస్తాడు. మరీ తెరుచుకుంటే వేళ్ళతో నొక్కుతాడు. వాద్యానికి తగిలించకుండా పీకనొక్కదాన్నే ఊది వింటాడు. నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటాడు.

పెళ్ళివారికి అది కాలక్షేపంలా కనిపిస్తుంది. నిజానికి ఆ పూట వాయించబోయే సంగీతంలో సగం అక్కడే తేలిపోతుంది.

రెండు రెక్కల పీక గురించి పాశ్చాత్యులు రాసుకున్నంత మనం రాసుకోలేదు. ఓబో, ఇంగ్లిష్ హార్న్ వాయించేవాళ్ళకు పీక చెక్కడం ఒక చదువు. దానికి కత్తులు, కొలతలు, పాఠాలు, గురుపరంపరలు, తగాదాలు అన్నీ ఉన్నాయి. నాదస్వరానికీ సన్నాయికీ అంతే ఓపికా, అంతే నైపుణ్యం కావాలి. కానీ ఆ జ్ఞానం నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి పోతూ వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. గడ ఎక్కడ పెరిగినా ఫరవాలేదు, మొరటు రూపం ఎవరు ఇచ్చినా ఫరవాలేదు. ఆఖరి గీత మాత్రం వాయించే ఊళ్ళోనే, వాయించే మనిషి చేతిలోనే పడాలి. హైదరాబాద్ పడమటి కొసన ఇన్ని యంత్రాలూ ఇంత డబ్బూ పోగుపడ్డాక కూడా మనం పట్టించుకోనిది ఆ ఆఖరి గీతనే.

ముందు ఈ పీక వాద్యాల కుటుంబాన్ని ఒకసారి చూద్దాం. క్లారినెట్, శాక్సఫోన్‌లలో ఒకే రెక్క ఉంటుంది, అది గట్టి మూతికి కొట్టుకుంటూ మోగుతుంది. ఓబో, ఇంగ్లిష్ హార్న్, బసూన్, నాదస్వరం, షెహనాయి, టర్కీ జుర్నా, ఆర్మేనియా దుదుక్, సైనిక బ్యాండ్ల బ్యాగ్‌పైప్‌లో వేళ్ళాడే గొట్టం, వీటన్నిటిలో రెండు రెక్కలు ఎదురెదురుగా కూర్చుని ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఊపిరి వాటి మధ్య నుంచి దూసుకుపోతుంటే సందు మూసుకుపోతుంది. గడకున్న సాగే గుణం, గొట్టంలోంచి తిరిగొచ్చే గాలి అల కలిసి మళ్ళీ తెరుస్తాయి. ఇది క్షణానికి వందలసార్లు జరుగుతుంది. కొబ్బరాకు చుట్టి బూర చేసిన పిల్లలకు ఈ సూత్రం చేతులారా తెలుసు. మొదట్లో ఆకును నొక్కి చదును చేస్తేనే అది పలుకుతుంది, గుండ్రంగా వదిలేస్తే వట్టి గాలి. స్ట్రా కొసను నొక్కి, రెండు మూలలు కత్తిరించి ఊదినా ఇదే మోత వస్తుంది. కొబ్బరిబొండాల బండి మీద ఇప్పుడు కాగితపు స్ట్రాలు వచ్చాయి, అవి తడిసేదాకా బాగానే పలుకుతాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు సరదాగా ఉండే ముచ్చట ఒకటి. ఎలక్ట్రానిక్ కీబోర్డుల కోసం 1991లో వచ్చిన జనరల్ మిడి జాబితాలో 128 వాద్యాలకు అంకెలు వేశారు. అందులో 69 ఓబో, 70 ఇంగ్లిష్ హార్న్, 71 బసూన్, 110 బ్యాగ్‌పైప్, 112 షెహనాయి. ఒకటి రెండు కాదు, ఐదు రెండు రెక్కల వాద్యాలకు అందులో చోటు దొరికింది. నాదస్వరానికి దొరకలేదు.

ఇంగ్లిష్ హార్న్ ఓబో జాతిదే, కాకపోతే పెద్దది. ఓబోలో షడ్జమం పలికే వేలిపట్టుకు దీంట్లో మంద్రస్థాయి మధ్యమం పలుకుతుంది. అడుగున కోడిగుడ్డు ఆకారంలో గంట, పైన వంపు తిరిగిన సన్నటి లోహపు గొట్టం, ఆ గొట్టం మీద పీక. ద్వోర్జాక్ 1893లో వినిపించిన తొమ్మిదో సింఫనీ రెండో భాగంలో, సిబేలియస్ రాసిన ‘ట్వోనెలా హంస’లో, రోస్సిని ‘విలియం టెల్’ ఆరంభ సంగీతంలో దీని గొంతు వినబడుతుంది. నిదానంగా, నిండుగా, కాస్త దిగులుగా ఉండే గొంతు. ఆ దిగులు స్వరకర్త రాసిన స్వరాల్లో ఎంత ఉందో, మూడంగుళాలైనా లేని పీకలోనూ అంత ఉంది.

ఆ పీకకు ముడిసరుకు అరుండో డోనాక్స్ అనే గడ. చూడడానికి వెదురులా ఉంటుంది గానీ వెదురు కాదు, పెద్ద గడ్డి. దక్షిణ ఫ్రాన్సులో మధ్యధరా తీరాన వార్ అనే ప్రాంతంలో పండేది శ్రేష్ఠమని లోకమంతా నమ్ముతుంది. చలికాలంలో, రెండో ఏడాది కాండాలను కోస్తారు. ఎండబెడతారు, ఆ తరువాత నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారు. గ్లోటిన్, రిగొట్టి వంటి ఫ్రెంచి సంస్థలు దాన్ని గొట్టాలుగా అమ్ముతాయి. ఓబోకు సుమారు 10 నుంచి 11 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం కావాలి. ఇంగ్లిష్ హార్న్‌కు కొంచెం లావుగా, 12 దరిదాపుల్లో ఉండాలి. గొట్టం సన్నగా ఉంటే దాన్నుంచి చీల్చిన ముక్క వంపు ఎక్కువ, పీక నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. లావుగా ఉంటే వంపు తక్కువ, నోరు మూసుకుపోతుంది. కాబట్టి కథ గడ కొనేటప్పుడే మొదలవుతుంది.

గొట్టాన్ని నిలువుగా మూడు ముక్కలు చీలుస్తారు. ప్రతి ముక్క లోపలి మెత్తటి భాగాన్ని తోడేసే యంత్రం ఒకటి ఉంటుంది. ఇంగ్లిష్ హార్న్‌కైతే మధ్యలో మందం 0.65 మిల్లీమీటర్ల పైచిలుకు మిగిలేలా తోడతారు, ఓబోకు 0.6కు అటూ ఇటూ. తరువాత ముక్కను నీళ్ళలో నానబెట్టి, ఉక్కు అచ్చుకు బిగించి, అంచులను చెక్కి నడుము సన్నగా, కొస వెడల్పుగా ఆకారం తెస్తారు. మధ్యకు మడతపెట్టి, చిన్న లోహపు గొట్టం మీద దారంతో గట్టిగా చుడతారు. ఓబో గొట్టానికి కింద బెండు ఉంటుంది. ఇంగ్లిష్ హార్న్‌ది బెండు లేని పొట్టి గొట్టం, 27 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, వాద్యం పైనున్న వంపు గొట్టానికి నేరుగా తొడుగుకుంటుంది. దారం చుట్టు పైన రెక్కల మీద సన్నటి ఇత్తడి తీగ ఒకటి బిగిస్తారు. అన్నీ అయ్యాక మొత్తం పొడవు 55 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మడత పడిన కొసను కత్తిరిస్తే రెండు రెక్కలూ వేరవుతాయి.

ఇక్కడిదాకా చేసింది చూడడానికి పీకే, ఊదితే మాత్రం పలకదు. అసలు పని కత్తితో మొదలవుతుంది. రెక్కల మధ్య నాలుకలాంటి సన్నటి లోహపు రేకు పెట్టి, కత్తిని దాదాపు నిలువుగా పట్టి, బెరడును పొడి పొడిగా గీస్తారు. కొస అన్నిటికన్నా పలుచన, 0.1 మిల్లీమీటరు కన్నా తక్కువకు దిగుతుంది, అంటే జిరాక్సు కాగితం మందం కూడా ఉండదు. దాని కింద గుండె అనే చోట మందం వదులుతారు, గొంతు నిండుదనం అక్కడే ఉంటుంది. దాని కింద వీపు. వీపు ఎంత గీయాలన్న దగ్గరే ప్రపంచం రెండు బడులుగా చీలింది. యూరప్ వాళ్ళు కొస దగ్గర కొద్దిపాటి మేర మాత్రమే గీస్తారు. అమెరికాలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ఓబో విద్వాంసుడు మార్సెల్ టాబ్యుటో (1887–1966) శిష్యపరంపర వీపు దాకా, మధ్యలో వెన్నెముక వదిలి, పొడవుగా గీస్తుంది. ఏది గొప్ప అన్న వాదన ఇంకా తెగలేదు, తెగాల్సిన పనీ లేదు. రెండు పద్ధతుల్లోనూ మహా విద్వాంసులు ఉన్నారు.

సరిచేయడం గురించి చెప్పుకోవాల్సింది ఎక్కువ. స్వరం ఆలస్యంగా మొదలవుతుంటే దోషం సాధారణంగా కొసలో ఉంటుంది, కొస మూలల్లో ఒక్క గీత చాలు. గొంతు బిగుసుకుపోయి కింది స్వరాలు రాకపోతే వీపులో గీయాలి. అక్కడ గీసినప్పుడల్లా శ్రుతి కొంచెం దిగుతుంది. శ్రుతి దిగిపోయి స్వరం ఊగిసలాడుతుంటే కొసను వెంట్రుకవాసి కత్తిరిస్తారు, శ్రుతి లేస్తుంది, కానీ కొస మందమెక్కి మళ్ళీ గీయాల్సి వస్తుంది. నోరు మరీ తెరుచుకుంటే తీగను పట్టకారుతో పైనుంచి కిందికి, మూసుకుంటే పక్కల నుంచి, చూసీ చూడనట్టు నొక్కుతారు. గాలి ఎక్కడైనా కారుతోందా అన్నది తెలుసుకోవడానికి కింది రంధ్రాన్ని వేలితో మూసి, గాలి పీల్చి, నోట్లోంచి తీసి చూస్తారు. రెక్కలు ఒకదాన్నొకటి కరుచుకుని క్షణం ఆగి ‘టప్’మని విడిపోతే బాగున్నట్టు. వెంటనే విడిపోతే అంచులు కారుతున్నట్టు. అప్పుడు ఎద్దు పేగు నుంచి తీసిన పలుచటి పొరను మొదలు చుట్టూ అంటిస్తారు. అది లేకపోతే మన హార్డ్‌వేర్ షాపుల్లో నల్లాలకు చుట్టే తెల్ల టేపు అదే పని చేస్తుంది, రుచి లేదన్న ఒక్క లోటు తప్ప.

ఈ పనిలో రెండు నియమాలు అందరూ ఒప్పుకుంటారు. గీసినది తిరిగి అతకదు. ఒక్క రోజులో ఏ పీకా పూర్తి కాదు. ఈ పూట పలికిన పీక రాత్రంతా ఆరి, తెల్లారేసరికి వేరే పీక అయి కూర్చుంటుంది. అందుకే రెండు మూడు రోజులు, కొంచెం కొంచెంగా గీస్తారు. అంత కష్టపడి తీర్చిన ఓబో పీక నిండుగా పలికేది పది పదిహేను గంటల వాయింపు వరకే. విదేశాల్లో చేతితో తీర్చిన ఇంగ్లిష్ హార్న్ పీక ముప్పై డాలర్ల దరిదాపుల్లో అమ్ముతారంటే, అందులో గడ ఖరీదు కొసరే. మిగతాదంతా మనిషి చెవి ఖరీదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. నాదస్వర జీవాళి పేరు చెబితే విద్వాంసులు తలుచుకునే ఊరు తమిళనాడులోని తిరువావడుదురై. కావేరి, కొల్లిడం గట్ల మీద పెరిగే కొరుక్కై అనే గడ దానికి ముడిసరుకు. కాండాన్ని కోసి, ఎండబెట్టి, నెలల తరబడి ఆరనిచ్చి, చిన్న ముక్కలుగా చేసి, చదును చేసి, విసనకర్రలా కొస వెడల్పు వచ్చేటట్టు తీర్చి, మొదట్లో దారం చుడతారు. పక్కనే నరసింగంపేటలో నాదస్వరాన్నే ఆచ్చా కర్రతో చేస్తారు. ఆ నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై కోసం ఆ ఊరి రంగనాథన్ ఆచారి 1955లో శుద్ధ మధ్యమం సరిగ్గా పలికే బారీ నాదస్వరం చేసిచ్చాడన్నది నాదస్వర ప్రపంచంలో ప్రసిద్ధమైన కథ. అంతకుముందు వాడుకలో ఉన్న తిమిరి పొట్టిది, హెచ్చు శ్రుతిది. బారీ పొడవైనది, తగ్గు శ్రుతిది. పొడవు పెరిగితే పీక కూడా మారి తీరాలి. ఓబో నుంచి ఇంగ్లిష్ హార్న్‌కు పోయినప్పుడు గడ వ్యాసం, మందం, వెడల్పు అన్నీ పెరిగినట్టే తిమిరి నుంచి బారీకి వచ్చేసరికి జీవాళి లెక్క మారుతుంది. యూరప్ వాళ్ళు మైక్రోమీటరుతో పట్టుకున్న ఆ లెక్కను మనవాళ్ళు పెదవితో పట్టుకున్నారు.

ఉత్తరాదిన షెహనాయి పీకకు నర్కట్ అనే గడ్డి. బిస్మిల్లా ఖాన్ (1916–2006) పుట్టిన బిహార్‌లోని డుమరావ్ పరిసరాల్లో అది పెరుగుతుంది. హైదరాబాద్‌కు ఆ దారీ తెలియనిది కాదు. నగారాలతో షెహనాయి కలిపి వాయించే నౌబత్ పేరు ఇప్పటికీ నౌబత్ పహాడ్‌లో మిగిలే ఉంది, ఆ గుట్ట మీదే బిర్లా మందిరం కట్టారు. అంటే ఈ నగరం ఉత్తరాది పీకా, దక్షిణాది పీకా రెండూ మోగిన చోటు. వీణకు మనకు బొబ్బిలి, నూజివీడు ఉన్నాయి. పీకకు అంత పేరున్న తెలుగు ఊరు లేదు. సన్నాయిని తరతరాలుగా మోసిన నాయీబ్రాహ్మణ కుటుంబాలు, గుంటూరు, ప్రకాశం జిల్లాల ముస్లిం నాదస్వర కుటుంబాలు తమ నైపుణ్యమంతా వాయింపులో పెట్టాయి. పీక కోసం మాత్రం చూపు కావేరి వైపే.

షేక్ చినమౌలానా (1924–1999) కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చి, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దొరైకణ్ణు సోదరుల శిష్యరికం చేసి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నాడు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవాళి కోసం శ్రీరంగం వెళ్ళాడని నేననను, బాణీ కోసం వెళ్ళాడు. కానీ బాణీ, గడ, కర్ర, పనివాడు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్న నేలలో ఒక వాద్యం ఎంత ఎత్తుకు పోగలదో ఆ వలస చెబుతుంది. మన దగ్గర ఈ నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి, ఒకటి రెండు అసలు లేవు.

మంచి పీక అంటే ఏమిటన్న ప్రశ్నకు రెండు సంప్రదాయాలూ ఒకే జవాబు చెప్పవు. ఆర్కెస్ట్రాలో అందరూ ఓబో ఇచ్చే శ్రుతిని చూసి తమ వాద్యాలు సరిచేసుకుంటారు. కాబట్టి అక్కడి పీక నిలబడాలి. ఊపిరి కొంచెం పెరిగినా తగ్గినా స్వరం కదలకూడదు. నాదస్వరం పీక కదలాలి. తోడి గాంధారం, సావేరి రిషభం వంటివి వేళ్ళతో సగం, పెదవులూ ఊపిరితో సగం పుడతాయి. అన్ని కొలతలకూ సరిగ్గా తూగి స్థిరంగా నిలబడే పీకను నాదస్వర విద్వాంసుడి చేతికిస్తే ‘మొద్దు’ అని పక్కన పెడతాడు. మన జీవాళిని ఓబో గురువుకిస్తే శ్రుతి నిలవదని ఆయనా పక్కన పెడతాడు. కాబట్టి పాశ్చాత్య కొలతలను తెచ్చి జీవాళికి అంటగడితే పని జరగదు. తెచ్చుకోవాల్సింది కొలిచే అలవాటు, రాసిపెట్టుకునే అలవాటు.

ఇక గాలి సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది. కావేరి డెల్టాలో చెక్కిన జీవాళికి గానీ, ఫ్రెంచి తీరంలో పుట్టిన గడకు గానీ ఇది పరాయి గాలి. ఎత్తు వల్ల వచ్చే తేడా చిన్నది, తేమ వల్ల వచ్చేది పెద్దది. పంచాంగం చూస్తే పీక రోగాలు కూడా తెలిసిపోతాయి. వైశాఖం పెళ్ళిళ్ళ నాటికి మధ్యాహ్నపు గాలిలో తేమ ముప్పై శాతం కన్నా కిందికి పడిపోతుంటుంది. నానబెట్టిన పీక రెండు కీర్తనల మధ్య విరామంలోనే ఆరిపోతుంది. రెక్కలు ముడుచుకుని నోరు మూసుకుపోతుంది, దారం వదులవుతుంది, అంచులు కారతాయి. గొంతు సన్నబడి కీచుమంటుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ బోనాలుంటాయి, శ్రావణంలో మళ్ళీ పెళ్ళిళ్ళు. అప్పుడు రెక్కలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, నోరు తెరుచుకుంటుంది, ఊదేవాడి బుగ్గలు నొప్పెడతాయి. కార్తీకం, మాఘం కొంత నయం, కానీ తెల్లవారుజామున ముహూర్తాలకు చలి పీకను మొద్దుబారుస్తుంది.

ఐటీ కారిడార్ దీనికి ఇంకో చిక్కు చేర్చింది. ఎదురుకోలు ఆరుబయట పచ్చిక మీద, మండపం ఏసీ హాల్లో. నలభై డిగ్రీల ఎండ నుంచి ఇరవై రెండు డిగ్రీల పొడిగాలికి నిమిషంలో మారిపోవాలి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది కూడా. బయట నిండుగా పలికిన పీక లోపల మూగబోతే జనం వాయించేవాడిని తప్పుపడతారు. మండపం అలంకరణకు లక్షలు పోసి, మేళం వాళ్ళను సరిగ్గా ఏసీ గాలి కింద కూర్చోబెట్టే నిర్వాహకులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

విరుగుళ్ళు లేకపోలేదు, ఖరీదైనవీ కావు. ఉమ్ముతో మాత్రమే నాననివ్వకుండా గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచడం. వాయించాక మంచినీళ్ళతో కడిగి, గాలి ఆడే పెట్టెలో ఆరనివ్వడం. గాలి చొరని డబ్బాలో వేస్తే వానాకాలం బూజు పడుతుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ వేరు వేరు జతలు ఉంచుకోవడం. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ గదిలో వాయించబోతున్నామో ఆ గదిలో కాసేపు కూర్చుని ఆఖరి గీత గీయడం. చల్లటి గదిలో తీర్చిన పీక ఆరుబయట మరో మాట మాట్లాడుతుంది. అమెరికాలో స్కూలు బ్యాండులో ఓబో పట్టి, తల్లిదండ్రులతో కొండాపూర్‌కో గచ్చిబౌలికో తిరిగొచ్చిన పిల్లలు మొదట ఎదుర్కొనేదీ ఇదే. పోస్టులో తెప్పించుకున్న పీక అక్కడ బాగానే పలికి ఉంటుంది. ఇక్కడ దాన్ని గీయగల మనిషి పక్కన ఉండడు. పిల్లలు తమకే వాయించడం రావట్లేదని అనుకుని వాద్యం మూలన పెట్టేస్తారు.

యంత్రాలు ఎంతవరకు ఆదుకుంటాయి? చాలావరకే. గడను తోడడం, ఆకారం తేవడం, మొదటి గీతలు గీయడం వంటివన్నీ జర్మనీలో రీగర్, రీడ్స్ అండ్ స్టఫ్ వంటి సంస్థలు చేసే యంత్రాలు ఒకే రకంగా, అలసిపోకుండా చేస్తాయి. వృత్తి విద్వాంసులు కూడా వాటిని వాడుతున్నారు, అందులో నామోషీ లేదు. ప్లాస్టిక్ పీకలూ వచ్చాయి. కెనడాకు చెందిన లెజేర్ ఓబోకు, బసూన్‌కు, ఇంగ్లిష్ హార్న్‌కు చేస్తోంది. వాటికి నానబెట్టే పని లేదు, వైశాఖమైనా శ్రావణమైనా ఒకటే. నేర్చుకునే పిల్లలకు, ఎండలో వాయించే బ్యాండుకు, అత్యవసరానికి జేబులో ఉంచుకోవడానికి అవి నిజంగా పనికొస్తాయి. గొంతు నిండుదనంలో మంచి గడకు సాటి రావన్నది నా అభిప్రాయం. పైగా స్థిరంగా ఉండడమే వాటి గొప్ప. జీవాళి నుంచి మనం కోరేది సరిగ్గా దానికి ఎదురు గుణం. ఆ దారిలో నాదస్వరానికి పరిష్కారం తొందరగా దొరుకుతుందనుకోను.

కంప్యూటర్ దారి ఇంకా సులువు. సినిమా నేపథ్య సంగీతంలో నమూనా స్వరాలు వాడితే పీకతో పనే లేదు. ఫోన్‌లోని మంగళవాద్యం స్పీకరుకు కలిపితే తాళికట్టే వేళా గడిచిపోతుంది. కొత్తగా పుట్టిన జాడ్యం కాదిది. ఒకప్పుడు నాదస్వరం పక్కన ఒత్తు అని వేళ్ళకు రంధ్రాలు లేని పొడవాటి గొట్టం ఉండేది. ఒక మనిషి కచేరీ అంతా దాంతో శ్రుతి ఒక్కటే పట్టేవాడు. దానికీ రెండు రెక్కల పీకే. శ్రుతి పెట్టె వచ్చి ఆ మనిషినీ ఆ పీకనూ పంపేసింది. ఎవరూ పెద్దగా బాధపడలేదు, ఎందుకంటే శ్రుతి కదలకూడనిది, యంత్రం దాన్ని బాగానే పడుతుంది. స్వరం అలా కాదు.

అందుకని యంత్రాన్ని కాదనక్కర్లేదు, దానికి తగిన పని అప్పజెప్పాలి. రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ 2023లో మొదలైంది. నమూనాలు చేసి చూసుకోవడానికి కావాల్సిన లేజర్ కోతలు, త్రీడీ ముద్రణలు, కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రాలు అక్కడున్నాయి. జీవాళికి ఒకే మందం తోడే చిన్న యంత్రం, రెక్కల మందాన్ని పది చోట్ల కొలిచే సాధనం, తేమ నిలిపే పెట్టె, ఈ మూడూ ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు స్థాయి పనులు. ముడిసరుకు విషయంలోనూ మన నేలను ఒకసారి తడిమి చూడాలి. కొల్లేరు నిండా కిక్కిస పెరుగుతుంది, రైతులకూ జాలర్లకూ అది తలనొప్పి. అందులో ఏ వయసు కాండం, ఎక్కడి కణుపు మధ్య, ఎన్ని నెలలు ఆరితే పీకకు పనికొస్తుందో చూడడానికి ఒక వ్యవసాయ పరిశోధకుడు, ఒక సన్నాయి విద్వాంసుడు కలిసి కూర్చుంటే చాలు. పనికిరాదని తేలినా నష్టం లేదు, ఆ ప్రశ్నకైనా జవాబు దొరుకుతుంది.

చదువు సంగతి మాత్రం ఆలస్యం చేయదగ్గది కాదు. తిరుపతిలో దేవస్థానం వాళ్ళ నాదస్వర, డోలు పాఠశాల ఉంది, రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గీతం, వర్ణం, కీర్తనలతో పాటు పీక తీర్చడం కూడా పరీక్ష పెట్టే పాఠం కావాలి. విద్యార్థి తన పీకను తానే సరిచేసుకుని, అదే పీకతో వాయించి చూపితేనే మార్కులు వేయాలి. తిరువావడుదురై పనివారిని శిల్పారామానికి వారం రోజులు పిలిపించి, వాళ్ళ చేతుల కదలికను, వాడే పనిముట్లను, కొలతలను తెలుగులో రాసి, చిత్రీకరించి పెట్టాలి. ఓబో నేర్చుకునే నగరపు పిల్లలనూ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టొచ్చు. కత్తి, లోహపు రేకు, దారం, మైక్రోమీటరు రెండు వైపుల వాళ్ళకూ ఒకటే. ఒక బల్ల, ఒక గురువు, వారానికో పూట చాలు. కళాశాలల పెద్దలూ, టీ-వర్క్స్ నిర్వాహకులూ ఈ ఏడాదే దీనికి పూనుకోవాలని కోరుతున్నాను.